నోరు మూసుకున్న కాకి

బాబాయి ఇక లేరని బోధన్ నుంచి ఆయన చిన్నకొడుకు ఫోన్ చేసేసరికి నేను కాకరకాయలు తరుగుతున్నాను. "పొద్దున చాయ్ తాగిండ్రు ఆంటీ. రేడియోల సెల్లులు అయిపోయినయ్, పట్టుకరా అన్నరు. నేను దుకాణం దాంక పోయి వచ్చెటాలకు..." అని ఆ అబ్బాయి ఆగిపోయాడు. నేను కత్తిపీట పక్కకు జరిపాను. ఏడుపొచ్చింది. ఆ తర్వాత, మీరేమనుకున్నా సరే, నవ్వు కూడా వచ్చింది. ఆ రేడియో సంగతి తెలిసినవాళ్ళకెవరికైనా వస్తుంది. అది కాస్త ఆగి చెబుతాను.

ఆయన నాకు చుట్టం కాదు. నాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, ఆయనది బోధన్. తొంభైల్లో బహ్రెయిన్‌లో, జుఫైర్‌లోని ఒక ఫ్రెంచివాళ్ళ ఇంట్లో ఆయన డ్రైవరు, నేను వంటమనిషిని. నేను చేరిన మొదటిరోజు భయపడుతూ గేటు దగ్గర నిలబడితే, కారు తుడుస్తున్న ఆ తెల్లగడ్డం మనిషి నన్ను ఎగాదిగా చూసి, "తెలుగా?" అన్నారు. అవునన్నాను. "అల్హమ్దులిల్లా. చింతపండు వేసి వండుతవు గదా?" అన్నారు. ఆ క్షణం నుంచి ఆయన బాబాయి, నేను బిడ్డ. మధ్యలో ఇంకే పరిచయమూ జరగలేదు.

ఆ ఇంటి వాళ్ళకు ఒక్కతే కూతురు. ఎనిమిదేళ్ళుంటాయేమో. చదివేది వాళ్ళ భాష స్కూల్లో. ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. వాళ్ళ దేశంలో పాతకాలం నుంచి జంతువుల నీతికథలు పద్యాల్లా ఉన్నాయట. కాకి, నక్క, తోడేలు, కప్ప, ఈగ, అన్నీ మాట్లాడతాయి, అన్నీ మనుషుల్లాగే తెలివితక్కువ పనులు చేస్తాయి. పిల్లలు వారానికొకటి బట్టీపట్టి, క్లాసులో నిలబడి, చేతులు తిప్పుతూ అప్పజెప్పాలి. పాపకు ఇంట్లో కూర్చుని బట్టీపట్టే ఓపిక ఎక్కడిది? కార్లోనే. వెనకసీటులో కూర్చుని ముందు వాళ్ళ భాషలో గడగడా అప్పజెప్పేది. తర్వాత మా దగ్గర నేర్చుకున్న వంటింటి హిందీలో, కొంచెం ఇంగ్లీషు కలిపి, బాబాయికి అర్థం చెప్పేది. కౌవా, అంటే కాకి, ఇలా అంది, లోమ్డీ, అంటే నక్క, అలా చూసింది అని అద్దంలో కనిపించేలా మొహాలు పెట్టేది.

ఆ కథలన్నిటికీ చివర్లో నాలుగు మాటల నీతి ఉంటుందట. ఇంటి నుంచి స్కూలుకు ఉన్న దూరం సరిగ్గా కథంత ఉండేది. నక్క పని పూర్తయ్యేసరికి గేటు వచ్చేది, గంట మోగేది, పాప బ్యాగు లాక్కుని దూకేది. నీతి ఆ పిల్ల నోట్లోనే ఉండిపోయి క్లాసులోకి వెళ్ళిపోయేది. అలా బాబాయి దగ్గరికి కథలన్నీ నీతి లేకుండానే వచ్చి చేరాయి.

"మరి నీతి ఏంటి బాబాయ్?" అని మొదట్లో అడిగేదాన్ని.

"నాకేమెర్క బిడ్డా. స్కూలొచ్చింది" అనేవారు.

మధ్యాహ్నం పని సర్దుకున్నాక కార్‌షెడ్డులో, ఆయన తిరగేసిన బకెట్ మీద, నేను గడప మీద కూర్చుని చాయ్ తాగేవాళ్ళం. ఎప్పుడూ వచ్చే మూడో మనిషి పక్కింటి అక్క. తణుకు మనిషి. ఒక బహ్రెయినీ టీచరమ్మ ఇంట్లో పని. అక్క నోరు తెరిస్తే మూయడం కష్టం, మూస్తే ఒంట్లో బాగాలేదని అర్థం. ఆ షెడ్డులోనే బాబాయి ఆ రోజు కథ చెప్పేవారు. నీతి లేదు కాబట్టి దాని బదులు ఆయనే ఒక నియమం పెట్టారు. కథ అయ్యాక అందరూ తాము ఏ జంతువో చెప్పాలి. ఎవరి జంతువు వాళ్ళే ఎంచుకోవాలి. ఎదుటివాళ్ళకు నువ్వు ఫలానా అని చెప్పడం నిషేధం. ఎవరైనా నోరు జారితే ఆ రోజు మూడు గ్లాసులూ వాళ్ళే కడగాలి.

చెప్పడానికి తేలిగ్గా ఉంది కదా? మేం నెలల తరబడి ఆడితే తెలిసిందేమిటంటే, మనిషన్నవాడు తనంతట తాను బుద్ధితక్కువ జంతువును ఎంచుకోడు. అక్కయితే ఏ కథైనా సరే, కళ్ళు మూసుకుని తెలివైనదాన్ని పట్టుకునేది. నక్కుంటే నక్క. నక్క లేకపోతే "ఆ అడవిలోనే ఇంకో పక్కన ఉందండి, కథలోకి రాలేదంతే" అనేది. నేను ఎప్పుడూ గొర్రెపిల్లను, పావురాన్ని, పాపం అనిపించుకునేదాన్ని. బాబాయి మా ఇద్దర్నీ చూసి గడ్డం నిమురుకుని, "మాషా అల్లా. గీ షెడ్డుల ఒక్క మూర్ఖుడు గూడ లేడు" అనేవారు.

ఆయన మాత్రం తన వంతు తప్పించుకునేవారు కాదు. ఒకసారి కొంగ కథ వచ్చింది. కొంగ నీళ్ళ ఒడ్డున నిలబడి మంచి చేపలొస్తుంటే ఇది నా స్థాయికి చాలదు, ఇంకా పెద్దది వస్తుంది అని వదిలేస్తుంది. పొద్దెక్కి ఆకలేసేసరికి చేపలన్నీ వెళ్ళిపోతాయి. చివరికి నత్త దొరికితే అదే మహాభాగ్యమని మింగుతుంది. బాబాయి కథ ఆపి, వెంటనే చెయ్యెత్తి, "నేనే" అన్నారు. రేడియో కథ అప్పుడే బయటపడింది. ఇంటికి పెద్ద టేప్‌రికార్డరు తీసుకెళ్దామని ఆయన ఏళ్ళ తరబడి మనామా బజారంతా తిరిగారు. ఒకదానికి స్పీకరు చిన్నది, ఒకదానికి రంగు బాగాలేదు, ఒకటి అన్నీ బాగున్నా "వచ్చె సాలు ఇంకా మంచిది వస్తదంట" అని వదిలేశారు. ఊరికి బయల్దేరే రోజు దుకాణాలన్నీ సెలవు. విమానాశ్రయం దారిలో తెరిచి ఉన్న ఒక్క కొట్టులో సబ్బుబిళ్ళంత రేడియో దొరికితే దాన్ని జేబులో వేసుకుని వెళ్ళారట. "మా ఇంటామె దాన్ని సూశి ఒక్క మాట అనలే. అటు తిప్పి, ఇటు తిప్పి, బట్టలుతుకనీకెనా అని అడిగింది" అని చెబుతూ ఆయనే పడీపడీ నవ్వారు. ఆ నత్తే ఆయన మంచం పక్కన చివరిదాకా పాడింది.

ఇంకోసారి ఇంటివాళ్ళంతా అవాలి ఊరి అవతల ఎడారిలోకి పిక్నిక్కు వెళ్ళారు. వంటసామానుతో నన్నూ తీసుకెళ్ళారు. కారు ఇసుకలో దిగబడింది. బాబాయీ నేనూ కారులోని కాళ్ళపట్టాలు తీసి చక్రాల కింద వేసి తోస్తుంటే, సారు టోపీ పెట్టుకుని చుట్టూ పరుగెత్తుతూ ఒకటే కేకలు. ఎడమకు, కుడికి, ఇప్పుడు, ఇప్పుడు కాదు! కారు ఎలాగో బయటపడింది. సారు చెమట తుడుచుకుంటూ, "సాధించాం!" అని చేతులు దులుపుకున్నారు. పాప కిసుక్కుమంది. ఎందుకంటే ఆ వారం బట్టీపట్టిన కథ ఈగది. గుర్రాలు బండిని కొండెక్కిస్తుంటే ఈగ వాటి చెవుల దగ్గర, ముక్కు మీద, బండివాడి నెత్తి మీద తిరిగి, పైకి చేరాక నా వల్లే వచ్చారు, నా కష్టానికి ఏమిస్తారు అంటుంది. పాపకు మా షెడ్డు నియమం తెలుసు కాబట్టి నాన్నను ఒక్క మాట కూడా అనలేదు. ఊరికే కథ అప్పజెప్పింది. మర్నాడు సారు, మా నియమం పాప నోట విన్నారేమో, షెడ్డు దగ్గరికి వచ్చి, తలుపు పట్టుకుని, కొంచెం ఎర్రబడి, "నిన్న నేను మక్ఖీ" అన్నారు, ఈగనని. బాబాయి లేచి నిలబడి బకెట్ తుడిచి ఆయనకిచ్చారు. సారు దాని మీద కూర్చుని మాతో చాయ్ తాగి వెళ్ళారు.

"చూసినవా? ఎవ్వలు చెప్పలే. మనిషి నడిచి వచ్చిండు" అన్నారు బాబాయి, ఆయన వెళ్ళాక.

నాకు అప్పటికీ ఆ నియమం ఆటలాగే ఉండేది. అది ఆట కాదని పక్కింటి అక్క వల్ల తెలిసింది.

మా వీధి మూలన ఒక కోల్డ్‌స్టోరు ఉండేది. అక్కడ చిల్లర కొట్టును అలాగే అంటారు. అక్క పాలకో, ఖుబ్బూస్ రొట్టెలకో వెళ్ళినప్పుడల్లా అక్కడ ఒక పెద్దమనిషి కనిపించడం మొదలైంది. మనవైపు మనిషే. వేళ్ళకు ఉంగరాలు, చేతిలో తాళాల గుత్తి. హిద్‌లో ఓడరేవు పనివాళ్ళకు మెస్సు పెడుతున్నానన్నాడు. అక్క ఒకసారి తన చేపల పులుసు డబ్బాలో పెట్టి రుచి చూపించింది. ఇక చూడండి. ఆ సాయంత్రం అక్క వచ్చి మాకు అతని మాటలు అచ్చంగా అతని గొంతుతోనే వినిపించింది. "మీ చేతిలో ఏదో ఉందండీ! ఈ దేశంలో మీ విలువ తెలిసినవాడు లేడండీ. మీలాంటి మనిషి ఒకళ్ళ గిన్నెలు తోమడమేంటండీ! ఒక్కసారి గడప దాటి రండి, మిగతాది నేను చూసుకుంటాను." మెస్సుకు అక్క పేరే పెడతాడట. బోర్డు కూడా రాయిస్తాడట.

"నా పేరండీ! పెద్దక్షరాలతో, ఆయ్!" అంది అక్క. మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పేరు ఎవరూ ఎక్కడా రాసినట్టు లేదు.

గల్ఫు వెళ్ళొచ్చినవాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. వీసా ఇచ్చిన యజమానిని కఫీల్ అంటారు. కఫీల్‌కు చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళి ఇంకొకరి దగ్గర పని చేస్తే మన కాగితాలు చెల్లవు. పట్టుబడితే జైలు, ఆ తర్వాత ఉత్త చేతులతో విమానం. పట్టుబడకపోతే ఇంకా ఘోరం, ఎవడు ఏం చేసినా ఎవరికీ చెప్పుకోలేని బతుకు. ఆ టీచరమ్మ చెడ్డది కాదు, అక్కకు మరికొన్నాళ్ళలో ఊరికి సెలవు కూడా ఉంది. అదంతా అక్కకు తెలియదా? తెలుసు. అంతకుముందు అలా వెళ్ళిన వేరే ఆడవాళ్ళను నోరారా తిట్టింది కూడా తనే.

ఒక గురువారం పొద్దున నాకు గోడ మీదుగా రహస్యం చెప్పింది. "రేపు జుమ్మా నమాజు వేళకి వేన్ పంపిస్తానన్నాడే. సామాను సర్దేసుకున్నాను. బాబాయికి చెప్పకు." పరుగెత్తుకెళ్ళి బాబాయికే చెప్పాను. "మీరైనా గట్టిగా చెప్పండి. నువ్వు కాకివే, వాడు నక్కే అని మొహం మీదే చెప్పండి. లేకపోతే నేనే చెబుతాను" అన్నాను.

"చెప్పకు" అన్నారు. అంత కటువుగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. "మొహం మీద చెప్తె ఆమె ఇయ్యాల్నే పోతది. నీ మీద కోపంతోని పోతది. మల్ల తప్పయిందని తెలిసినా గూడ, నీ మొహం చూడలేక వాపస్ రాదు. ఎర్కేనా?"

"మరి చూస్తూ ఊరుకోవాలా?"

"ఫ్రిజ్జుల పాప తినే చీజు ఉంటది గదా, మూడు మూలలది. మేడమ్‌ను అడిగి ఒకటి పట్టుకరా" అన్నారు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. మామూలు కంటే ఎక్కువ మాట్లాడుతోంది. బాబాయి ఆమె మాటల మధ్యలోనే కాకి కథ ఎత్తుకున్నారు. అది మనకూ తెలిసిన కథే. కాకి నోట్లో ముక్క, కింద నక్క, నువ్వెంత అందగత్తెవి, నీ గొంతు విందామనుంది అనడం, కాకి నోరు తెరవడం. వాళ్ళ కథలో ఆ ముక్క చీజు, అంతే తేడా. ఆయన చెబుతున్నంతసేపూ నేను అక్క మొహమే చూస్తున్నాను. ఏ మార్పూ లేదు. హాయిగా నవ్వుతోంది. "పిచ్చి ముండ కాదూ ఆ కాకి!" అంది.

"ఏ జంతువు బిడ్డా?" అని అడిగారు బాబాయి.

"నక్కండి! ఇంకేటి!" అంది అక్క.

"సరే. నేను కాకి" అని ఆయన లేచారు. తిరగేసిన బకెట్ మీదకెక్కి నిలబడ్డారు. అరవై దాటిన మనిషి, తెల్లగడ్డం, ఇస్త్రీ చేసిన యూనిఫారం చొక్కా. జేబులోంచి చీజు ముక్క తీసి, వెండి కాగితం ఒలిచి, పళ్ళ మధ్య పెట్టుకున్నారు. రెండు చేతులూ రెక్కల్లా వెనక్కి పెట్టి, దీని నోట్లోంచి తీసుకో చూద్దాం అన్నట్టు అక్కవైపు కళ్ళెగరేశారు.

అక్క పగలబడి నవ్వింది. కొంగు బిగించింది. ఆమెకు నాటకమంటే ప్రాణం. "ఎంతసేపండీ!" అని బకెట్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చేతులు జోడించి మొదలుపెట్టింది.

"అబ్బబ్బ, బాబాయ్ గారూ! మీ చేతిలో ఏదో ఉందండీ! స్టీరింగు పట్టుకుంటే కారు కాదండీ, పల్లకీ!"

కాకి కదల్లేదు.

"ఈ దేశంలో మీ విలువ తెలిసినవాడు లేడండీ. మీలాంటి మనిషి ఒకళ్ళ కారు తుడవడమేంటండీ! ఒక్కసారి నోరు తెరవండి, మిగతాది నేను చూసు..."

అక్కడ ఆగింది. చెయ్యి గాల్లో అలాగే ఉంది. అక్క మెల్లగా చెయ్యి దించి, తన కొత్త చీర చెంగు చూసుకుంది. బాబాయి బకెట్ మీద అలాగే నిలబడి ఉన్నారు. నోట్లో చీజు, గడ్డం మీదికి కారుతోంది, కళ్ళు మాత్రం ఆమె మీద జాలిగా, కొంచెం బతిమాలుతున్నట్టు ఉన్నాయి.

అక్క, "మింగెయ్యండి బాబాయ్ గారూ. నేనింక అడగను" అంది.

ఆయన మింగారు. నేను చెయ్యి అందిస్తే కిందికి దిగారు. ఆ రోజు ఎవరూ నియమం తప్పలేదు గానీ, అక్కే మూడు గ్లాసులూ తీసుకెళ్ళి కడిగింది. మర్నాడు నమాజు వేళకు వేన్ వచ్చి మూలన హారన్ కొట్టింది. అక్క వాళ్ళ దొడ్లో దుప్పట్లు ఆరేస్తూనే ఉంది. మళ్ళీ హారన్ మోగింది. ఇంకో దుప్పటి ఆరేసింది. ఆ మెస్సు రంజాన్ దాటకుండానే మూతపడిందని, ఆ ఉంగరాల మనిషి ఎటుపోయాడో ఎవరికీ తెలియదని తర్వాత విన్నాం. నమ్మి వెళ్ళిన ఆడవాళ్ళు పడిన పాట్లు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకరోజు రోడ్డు మీద ఏదో అడ్డం పడి కారు చాలాసేపు ఆగిపోయిందట. పాప కథంతా పూర్తిచేసి, "ఇప్పుడు నీతి చెప్పనా?" అందట. ఈయన వద్దన్నారట. "మీ టీచరుకు చెప్పు బేటీ, నాకు వద్దు" అన్నారట. ఎందుకలా అన్నారని అడిగితే నాతో చెప్పిన మాట ఇది: "నీతి తెలిస్తె కథ ఆడికే ఖలాస్ బిడ్డా. తెల్వకపోతె మనతోని ఇంటిదాంక వస్తది." నాకు ఆ కథలు పాలకొల్లు దాకా వచ్చాయి. కోడలి మీద విసుక్కోబోయి, ఈ పూట నేను ఏ జంతువునో చూసుకుని ఆగిన రోజులున్నాయి. ఆగని రోజులూ ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి. ఏటా రంజాన్‌కు నేను ఫోన్ చేస్తే ఆయన సలాం కూడా చెప్పకుండా అడిగే మొదటి ప్రశ్న అదే. "ఇయ్యాల ఏ జంతువు?"

అక్క తణుకు తిరిగొచ్చాక కర్రీ పాయింటు పెట్టింది. పేరు తనదే, పెద్దక్షరాలతో. పేరు పక్కన చీజు ముక్కతో కాకి బొమ్మ వెయ్యమని పెయింటరుకు చెప్పింది. కథ తెలిసినవాడు కాబట్టి అతను కాకి నోరు తెరిచి ఉన్నట్టు, ముక్క జారిపడుతున్నట్టు వేశాడు. అక్క అతన్ని నిచ్చెన దిగనివ్వలేదు. నోరు మూయించి, ముక్క నోట్లోనే పెట్టించి, అప్పుడు దింపింది. కూరలకొచ్చినవాళ్ళు ఇదేం కాకండీ అని ఇప్పటికీ అడుగుతారు. అన్నిటికీ పదిమాటలు చెప్పే అక్క దానికి మాత్రం జవాబు చెప్పదు.

బాబాయి పోయిన కబురు చెబితే ఫోన్‌లో బావురుమంది. ఆ వచ్చిన శుక్రవారం నేను బస్సెక్కి తణుకు వెళ్ళాను. కొట్టు మూసి, అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో వెండి కాగితం చుట్టిన మూడు మూలల చీజు ముక్క. "మనవాళ్ళకైతే కాకికి పెడతాం కదే. ఆయన సాయిబు గారు. పెడితే తప్పంటావా?" అంది.

"బోధన్‌లో చెయ్యాల్సినవన్నీ వాళ్ళబ్బాయిలు చేశారక్కా. ఇది ఆయనకూ మనకూ మధ్యది. పెట్టు" అన్నాను.

కాగితం ఒలిచి పిట్టగోడ మీద పెట్టింది. ఇద్దరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాసేపటికి ఒక కాకి వచ్చింది. అటు చూసి, ఇటు చూసి, ముక్కను ముక్కున కరుచుకుని ఎగిరి, సరిగ్గా ఆ బోర్డు మీద, బొమ్మ కాకి నెత్తిన వాలింది. ఎంత ముచ్చటగా ఉందో! ఆ మాటే అనబోతుంటే అక్క గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు, పెదవుల మీద నవ్వు.

"ఉష్! దాన్నేం పొగడకే. తిననీ" అంది గుసగుసగా.

కాకి మావైపు తల వంచి కాసేపు చూసింది. మేమిద్దరం నోళ్ళు మూసుకుని నిలబడ్డాం. అది కూడా నోరు తెరవలేదు. ముక్క పట్టుకుని, కాలవగట్టు వైపు, ఎండలోకి ఎగిరిపోయింది.